బోర్డు పెట్టని చెరువు

ముందుగా నా రిటైర్మెంటు సంగతి

నేను ముప్పై ఎనిమిదేళ్లకే రిటైరయ్యాను. ఈ మాట విన్నవాళ్లు నాకేదో ఆస్తి కలిసొచ్చిందనుకుంటారు. అదేమీ లేదు. చెరువుల కోసం పనిచేసే మా చిన్న సంస్థకు నిధులిచ్చేవాళ్లకు ఒకనాడు మా చెరువుల మీద మోజు తీరింది. వాళ్లు వేరే ఖండంలో వేరే నీళ్లు చూసుకున్నారు. మాకు శాలువాలు కప్పి, మనిషికో గోడ గడియారం ఇచ్చి పంపించారు. పని లేనివాడికి గడియారం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. తీరప్రాంతాలు, చిత్తడి నేలలు, పర్యావరణ విధానాలు అంటూ వాళ్లు చదివిన కోర్సు పేరు పూర్తిగా చెప్పేలోపు నేనెక్కాల్సిన బస్సు వెళ్లిపోతుంది. "ఈ ఉద్యోగంలో నిజంగా ఏం చేస్తారు సార్?" అని అడుగుతారు. ఫోన్లో చెప్పేది కాదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు జీతం పెరిగింది అనేవి రాయను. రెండోది రాయడానికి పెద్దగా ఏమీ లేదు కూడా.

సముద్రం చదివినవాడు

నేను చదివింది మడ అడవుల గురించి. ఉప్పునీళ్లు, ఆటుపోట్లు, పీతలు. ఉద్యోగం వచ్చింది హిందూపురంలో. అక్కణ్నుంచి సముద్రం చూడాలంటే ఏ దిక్కుకు బయల్దేరినా ఒక పగలో, ఒక రాత్రో బస్సుకు సమర్పించుకోవాలి. తొంభైల నడిమిలో నేను దిగేనాటికి ఆ ప్రాంతంలో వాన కూడా వచ్చినట్టే వచ్చి, పలకరించి వెళ్లిపోయేది.

గది అద్దెకిచ్చిన ఆయన నా చదువు సంగతి కనుక్కొని నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమప్పా, సముద్రం చదివి ఈడికొచ్చినావా? తప్పుబస్సు ఎక్కినావేమో చూసుకో," అన్నాడు.

తప్పుబస్సు కాదని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. పుస్తకంలో చిత్తడి నేల అంటే ఏడాది పొడవునా తడిగా ఉండేది. ఈ సీమలో అది కొన్ని నెలలు చెరువు, కొన్ని నెలలు గడ్డిబీడు, మిగిలిన నెలల్లో క్రికెట్ మైదానం. అయినా నీళ్లున్న ఆ కొన్ని నెలల కోసం చేపలు, పక్షులు, గొర్రెలు, వరిమళ్లు, మనుషులు అందరూ కాచుకొని ఉంటారు. కొంచెం నీళ్లు, ఎక్కువమంది హక్కుదారులు. మన ఉద్యోగమంతా ఈ రెండు ముక్కల మధ్యనే జరుగుతుంది.

మా బాస్

మా బాస్ జానకిరామయ్య సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినవాడిలా ఉండేవాడు. నిజంగానే మరిచిపోయేవాడు కూడా. మీటింగులో ఎవరో ఉపన్యాసం ఇస్తుంటే కళ్లు మూసుకునేవాడు. ఆలోచిస్తున్నాడని అందరూ అనుకునేవారు. పక్కన కూర్చునే నాకు మాత్రం గురక వినపడేది.

ఆయన దగ్గర ఒక అలవాటు నేర్చుకున్నాను. ఏ ఊరికెళ్లినా జీపును దూరంగా ఆపించి నడిచి వెళ్లేవాడు. మొదట్లో అది వినయం అనుకున్నాను. "వినయం కాదయ్యా. జీపులో పోతే అర్జీలిస్తారు, నడిచిపోతే మంచినీళ్లిస్తారు. నీళ్లిచ్చినోళ్లే నిజం చెప్తారు," అన్నాడు. ఎండలో నడిచి నడిచి నా చెప్పులు అరిగాయిగాని, ఆయన మాట అరగలేదు.

ఆయన లోపం కూడా రాయాలి. పెద్ద ఆఫీసర్ల ముందు ఆయన మెత్తబడేవాడు. వాళ్లు నొచ్చుకుంటారేమో అని చెప్పాల్సింది చెప్పకుండా టీ తాగేవాడు. ఆ టీల వల్ల కొన్ని చెరువులు నష్టపోయాయి.

ధర్మవరంలో అడిగిన ప్రశ్న

నా మొదటి పెద్ద కేసు ధర్మవరంలో. పట్టుకు రంగు అద్దాక మిగిలిన నీళ్లు వీధి కాలువలో పడి, ఊరి బయటి కుంటలోకి పోయేవి. ఆ కుంట ఒకరోజు ఆకుపచ్చ, ఒకరోజు వంగపండు రంగు. ఆ వారం మార్కెట్లో ఏ చీరకు గిరాకీ ఉందో కుంట చూసి చెప్పొచ్చు.

అద్దకం పనివాళ్లను కూర్చోబెట్టి నేను బ్రహ్మాండంగా మాట్లాడాను. చేపల గురించి, భూగర్భజలాల గురించి, రాబోయే తరాల గురించి. అంతా విన్నాక వాళ్ల పెద్దమనిషి, మోచేతుల దాకా నీలం పట్టినాయన, లేచాడు.

"శానా బాగా చెప్తివి సారూ. ఈడ పోయొద్దంటావు, సరే. యాడ పోయాల్నో చెప్పు, ఆడే పోస్తాం."

నా ఉపన్యాసంలో రాబోయే తరాలకు చోటుంది గాని, రేపు పొద్దున దించబోయే రంగు అండాలోని నీళ్లకు చోటు లేదు. బాస్ లేచి, "మాకు తెలీదప్పా. కనుక్కొని వస్తాం," అన్నాడు. తెలీదని ఒప్పుకున్న మొదటి ప్రాజెక్టు మాదేనని వాళ్లు సంతోషపడి టీ ఇప్పించారు.

తర్వాత చాలా నెలలు తిరిగాం. ఇసుక, బొగ్గు పరిచి వీధి చివర గుంతలు కట్టించాం. రంగు కొంత తగ్గింది, వాసన తగ్గలేదు. దాన్ని విజయం అని మా సంస్థ పెద్ద అక్షరాలతో అచ్చేసింది. నేనైతే సగం పని అంటాను. ఈ ఉద్యోగంలో సగం పని జరిగితే ఆ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు.

వద్దని చెప్పేముందు, వద్దన్నందువల్ల ఎవరికి ఏం పోతుందో అడగాలి. విధానం అనే పెద్దమాటకు నాకు తెలిసిన అర్థం ఇంతే: ఎవరు నష్టపోవాలో నిర్ణయించడం. నష్టపోయేవాడు గదిలో లేకపోతే మీటింగు త్వరగా అయిపోతుంది. త్వరగా అయిపోయిన మీటింగును నమ్మకండి.

హుసేనమ్మ చింతచెట్లు

పెనుకొండకూ హిందూపురానికీ నడుమ ఒక పల్లె ఉంది. పేరు రాయను, రాస్తే చూడ్డానికి వస్తారు. ఆ ఊరి చెరువుకట్ట కింద పెద్ద చింతచెట్లున్నాయి. ప్రతి ఏడూ చలి తగ్గే వేళకు ఎర్రకాళ్ల కొంగలు వచ్చి వాటి మీద గూళ్లు కడతాయి. పసుపుపచ్చ ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు. దూరం నుంచి చూస్తే పెళ్లివారిలా ఉంటాయి. దగ్గరికెళితే వాసన కూడా పెళ్లి అయిపోయిన మర్నాటి వంటశాలలాగే ఉంటుంది. పిల్లలకు అవి తెచ్చేది చెరువులో చేపలు. సగం పిల్లల నోట్లోకి, సగం కిందున్నవాళ్ల నెత్తి మీదికి.

అన్నిటికన్నా ఎక్కువ గూళ్లుండే చెట్లు హుసేన్‌బీ అనే ఆవిడవి. ఊరంతా హుసేనమ్మ అంటారు. యాభై దాటిన మనిషి. ఇంటి ముందర బొరుగులు, చింతపండు అమ్ముకునేది. అయితే ఆమె అమ్మే చింతపండులో సొంత చెట్లది తక్కువ. కాయ పండే కాలానికి గూళ్లలో పిల్లలుంటాయి. చెట్టెక్కి దులిపితే పిల్లలు పడతాయి. అందుకని ఆ ఊళ్లో గూళ్లున్న చెట్టును ఎవరూ దులపరు. పక్షులు వెళ్లిపోయాక రాలిందేదో ఏరుకుంటారు. అప్పటికి చాలావరకు పురుగు పట్టి ఉంటుంది.

"నష్టం కదమ్మా?" అని మొదటిసారి అడిగాను.

"కాన్పుకొచ్చిన ఆడబిడ్డను లెక్కలడుగుతామా సారూ? మా నాయన దులపలేదు, నేనూ దులపను," అంది.

నాకు కళ్లు చెమర్చాయి. తర్వాత చూస్తే కారణం భావోద్వేగం కాదు, పైనుంచి పడిన రెట్ట.

పెద్దాయన చెప్పిన శుభవార్త

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఎండాకాలం, జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి లేపాక్షికి వచ్చి, దారిలో ఈ పక్షుల్ని చూస్తానన్నాడు. చెడ్డవాడు కాదు. నిజంగా పక్షులంటే ప్రాణం. చింతచెట్టు కింద నిలబడి, తలెత్తి చాలాసేపు చూశాడు. చుట్టూ ఊరు మూగింది. ఆయన జనం వైపు తిరిగాడు.

"ఈ పక్షుల్ని ఇకనుంచి ప్రభుత్వమే కాపాడుతుంది. కట్ట, చెరువు, చెట్లు అన్నీ కలిపి రక్షిత ప్రాంతం చేయిస్తాను. కంచె వేయిస్తాను. పెద్ద బోర్డు పెట్టిస్తాను. ఇది నా మాట!"

జనం చప్పట్లు కొట్టారు. మా పల్లెల్లో అధికారి ఏం చెప్పినా ముందు చప్పట్లు కొడతారు, అర్థాలు రాత్రి బువ్వ తిన్నాక చూసుకుంటారు. బాస్ ఏదో అనబోయి టీ అందుకున్నాడు.

మరుసటి వారం నేను ఆ ఊరికెళితే ఎవరూ మంచినీళ్లివ్వలేదు. రచ్చబండ మీద కూర్చున్నవాళ్లు నన్ను చూసి బీడీలు వెలిగించుకున్నారు. సంగతి గొర్రెల కాపరి ఒకాయన చెప్పాడు.

"కంచె ఏస్తే గొర్లు నీళ్లు యాడ తాగాల? పూడిక మట్టి తోలుకోనీరంట. చేపలు పట్టనీరంట. ఇంగ చెట్లు కూడా సర్కారువేనంట."

వదంతి అని తోసేద్దామంటే చిక్కేమిటంటే, అందులో చాలావరకు నిజం. రక్షిత ప్రాంతమంటే చట్టానికి తెలిసిన అర్థం అదే. ఆ ఊరివాళ్లు చట్టాన్ని మా ఆఫీసులో చాలామంది కన్నా బాగా చదివినట్టే లెక్క.

"ఇంకో మాట. హుసేనమ్మ చెట్లు కొట్టించేస్తాంది. హిందూపురం కట్టెల కాంట్రాక్టరుతో మాట్లాడుకొనింది. చింతమొద్దు ఇటుక బట్టీకి బాగా పోతాది గదా. వచ్చే సోమారం మనుషులొస్తారు."

నేను తలెత్తి చూశాను. గూళ్లలో పిల్లలు ఇంకా తెల్ల నూగుతో, ఎగరడం రాకుండా, నోళ్లు తెరుచుకొని ఉన్నాయి.

అంగడి ముందర

హుసేనమ్మ చేటలో బొరుగులు చెరుగుతూ ఉంది. నన్ను చూసినా చెరగడం ఆపలేదు.

"చెట్లు కొట్టిస్తాండావంట కదమ్మా?"

"ఊ."

"పిల్లలున్నాయి కదా పైన."

"నాకు కండ్లు లేవా? చూస్తానే ఉండా." చేట కింద పెట్టింది. "సారూ, నువ్వు చదువుకున్నోడివి, చెప్పు. పక్షులు నా చెట్టు కోసం వచ్చినాయి. సర్కారు పక్షుల కోసం వచ్చింది. చెట్టు లేకుంటే పక్షి రాదు. పక్షి రాకుంటే సర్కారు రాదు. అవునా, కాదా?"

ఇంత బిగువైన తర్కం నేను ఏ సెమినార్లోనూ వినలేదు.

"మా నాయన పెట్టిన చెట్లు. పక్షులకిచ్చినాను, నా ఇష్టంతో ఇచ్చినాను. రేపు బోర్డు పెట్టి, నా చెట్టు కిందికి నన్నే రావద్దంటే? వాళ్లు ఎత్తుకుపోయేకంటే నేను కొట్టుకునేదే మేలు." వెంటనే ఆమె నా మీద పడింది. "ఆయప్పను పిలుచుకొచ్చింది మీరే గదా?"

"పిలవలేదమ్మా. ఆయనే వచ్చాడు."

"వచ్చినోడి పక్కన నిలబడి టీ తాగింది మీ సారే గదా?"



"ఆ బోర్డు రాకుండా చూస్తాను. ఆయనతో కాగితం రాయించి తెస్తాను," అన్నాను.

"కాగితం నాకొద్దు. కాగితానికి ఇంకో కాగితం అడ్డం వస్తాది. మా ఊర్లో మాటిచ్చినోడు దాన్ని ఎనక్కి తీసుకోవల్లంటే, ఇచ్చిన తావుకే వచ్చి, విన్నోళ్ల ముందరే తీసుకోవల్ల. చెట్టు కొనేదైనా అంతే, పెండ్లి సంబంధమైనా అంతే. ఆయప్ప ఆ చెట్టు కిందనే నిలబడి, బోర్డు లేదు, కంచె లేదు అని చెప్పల్ల. చెప్తే చెట్లుంటాయి. ల్యాకపోతే సోమారం రంపం వస్తాది."

ఆఫీసు వరండా

బాస్‌తో కలిసి జిల్లా ఆఫీసుకెళ్లాను. విషయం విని పెద్దాయన ముఖం చిన్నబోయింది. "నేను ఆ పక్షుల కోసమే కదయ్యా చేస్తానన్నది!" అన్నాడు. ఆయన బాధ నిజమే. ఈ రంగంలో ఎక్కువ నష్టం చేసింది దొంగలు కాదు, తొందరపడిన ప్రేమికులు.

టీ వచ్చింది. బాస్ కప్పు వైపు చూశాడు. నేను బాస్ వైపు చూశాను. ఆయన కప్పును మెల్లగా పక్కకు జరిపాడు. ఆయన అలా జరపడం చూడటం నా సర్వీసులో అదే మొదటిసారి.

"సార్, గూళ్లున్న చెట్టును దులపకూడదని ఆ ఊరికి ఏ చట్టమూ చెప్పలేదు. చట్టం చెప్పనందుకే దులపడం లేదు. అది వాళ్లు ఆడబిడ్డకు పెట్టే పెట్టుపోతల్లాంటిది. మీరు దాన్ని శిక్ష చేస్తే, ఇంతకాలం ఊరికే దొరికింది రేపు పోలీసులను పెట్టినా దొరకదు," అన్నాడు.

పెద్దాయన కాగితం, కలం దగ్గరికి లాక్కున్నాడు. "సరే, ప్రతిపాదన పంపను. ఉత్తరం రాసిస్తాను, తీసుకెళ్లండి."

"ఉత్తరం పనికిరాదు సార్. మీరే రావాలి," అన్నాను.

"వచ్చి?"

"అదే చెట్టు కింద, అదే జనం ముందు, వద్దని చెప్పాలి."

ఆయన నన్ను చూసిన చూపులో నా ఉద్యోగం కొంతసేపు ఊగింది. "ఒక అధికారి పదిమందిలో ఇచ్చిన మాట పదిమందిలోనే తప్పడమా? జరగదు," అన్నాడు. మేం బయటికొచ్చాం.

బాస్‌ను బస్సెక్కించి నేను అక్కడే ఉండిపోయాను. పట్టుదల అంటే పిడికిలి బిగించడం, గుండె మండడం అని కథల్లో రాస్తారు. నా అనుభవంలో అది బల్ల మీద కూర్చోవడం. మర్నాడు కూర్చున్నాను. ఆ మర్నాడూ కూర్చున్నాను. పెద్దాయన లోపలికెళ్తూ చూసేవాడు, బయటికొస్తూ చూసేవాడు. అటెండరు మొదట నన్ను పొమ్మన్నాడు, తర్వాత ఫ్యాను వేశాడు, ఆఖరికి వాళ్లమ్మాయికి ఏ కోర్సు మంచిదో సలహా అడిగాడు. మడ అడవులు మాత్రం వద్దన్నాను.

శనివారం సాయంత్రం పెద్దాయన నా ముందు ఆగాడు. "నేను రాకపోతే ఏం చేస్తావు?"

"ఏం చేయలేను సార్. సోమవారం అక్కడికెళ్లి, చెట్లు పడుతుంటే చూస్తాను. ఎవరో ఒకరు చూడాలి కదా."

ఆయన జీపెక్కాడు.

సోమవారం

ఆ పొద్దున నేను వెళ్లేసరికి కాంట్రాక్టరు మనుషులు తాళ్లు, గొడ్డళ్లు, పెద్ద రంపం దించుతున్నారు. హుసేనమ్మ వాళ్ల మేస్త్రీని ఆపి, "బువ్వ తిన్నారా?" అంది. తిన్నామన్నాడు. "రొంత బొరుగులు తినండి," అంది. తిన్నారు. "మజ్జిగ తాగండి," అంది. తాగారు. తన చెట్లు కొట్టడానికి తానే పిలిపించినవాళ్లకు అంత మర్యాద చేసిన మనిషిని నేను చూడలేదు. మాటిమాటికీ ఆమె కళ్లు దారి మీదికి పోతున్నాయి. నా కళ్లూ పోతున్నాయి. దారిలో ఒక బర్రె తప్ప ఏమీ లేదు.

మేస్త్రీ చేతులు దులుపుకొని లేచాడు. "ఇంగ కడుపులో తావు లేదక్కా. ఎండ ఎక్కుతాంది." ఒకతను తాడు భుజాన వేసుకొని మొదటి చెట్టు ఎక్కసాగాడు. పైన గూళ్లలో రెక్కల చప్పుడు లేచింది. హుసేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపమని మాత్రం అనలేదు.

అప్పుడు కట్ట మలుపులో మా బాస్ కనిపించాడు. ఆయన పక్కన, చెమటతో చొక్కా అంటుకుపోయి, బూట్ల నిండా దుమ్ముతో, పెద్దాయన. జీపును ఎక్కడో దూరంగా ఆపించి నడిపించాడన్నమాట. ముందు రోజు బాస్ ఆయన ఇంటికెళ్లి ఏం మాట్లాడాడో నాకిప్పటికీ చెప్పలేదు. టీ తాగలేదని మాత్రం చెప్పాడు.

ఎవరో పెద్దాయనకు చెంబుతో నీళ్లిచ్చారు. తాగాడు. చెట్టు కిందికెళ్లి నిలబడ్డాడు. ఊరు మూగింది.

"ఆ రోజు నేనన్నమాట... అనలేదనుకోండి," అన్నాడు.

"అనుకోము," అంది హుసేనమ్మ. "అన్నారు. మేం విన్నాం. ఇప్పుడు వద్దని చెప్పండి."

ఆయన తలెత్తి గూళ్ల వైపు చూశాడు. "బోర్డు పెట్టను. కంచె వేయించను. చెరువు మీదే. చెట్లు నీవే తల్లీ."

ఈసారి చప్పట్లు లేవు. ఒక్కరూ కొట్టలేదు. వాళ్లకు అర్థమైందని అప్పుడు నాకు నమ్మకం కలిగింది.

హుసేనమ్మ మేస్త్రీ వైపు తిరిగింది. "దిగమనప్పా మీవోన్ని. మా దొడ్లో ఎండిన తుమ్మచెట్టు ఉండాది, దాన్ని కొట్టుకుపోండి." మేస్త్రీ సణిగాడు, తుమ్మ ముళ్లను తిట్టాడు, వెళ్లాడు.

పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. "మరి రేపు నువ్వో, నీ తర్వాతివాళ్లో కొట్టేస్తే? గ్యారంటీ ఏముంది?" అని ఆమెను అడిగాడు.

"గ్యారంటీ యాడిది సారూ? నీ దగ్గర నా మాట ఉండాది, నా దగ్గర నీ మాట ఉండాది. నేను నిన్ను నమ్మి రంపాన్ని తిప్పి పంపిస్తి. నువ్వు కూడా రొంత నమ్మల్ల."

తిరిగి నడుస్తుంటే పెద్దాయన ఒకసారి వెనక్కి తిరిగి చెట్ల వైపు చూశాడు. తర్వాత నాతో అన్నాడు: "అయినా మనం ఏదో ఒకటి చేయాలి కదయ్యా ఆ పక్షుల కోసం?"

"చేశారు కదా సార్, ఇప్పుడే," అన్నాను.

ఆ ఏడు వానలు మొదలయ్యేలోగా పిల్లలన్నీ ఎగిరిపోయాయి. కంచె లేదు, బోర్డు లేదు, కాపలా లేదు. మా సంస్థ ప్రచురణలో ఈ సంగతి రాలేదు. ఫోటో తీయడానికి అక్కడ కొత్తగా కట్టిందేమీ లేదు మరి. పక్షులు మళ్లీ చలి తగ్గే వేళకు వచ్చాయి. ఆ సంవత్సరం కూడా హుసేనమ్మ చెట్లు దులపలేదు.